సీవార్డా, విట్టియరా: అలాస్కాలో హిమానీనదాలు, తిమింగలాలు చూడటానికి ఏ పడవ ఎక్కాలి?

మీరు రాసిన వివరాలను నాకు అర్థమైనంతలో ముందు ఒకసారి చెప్పుకుంటాను. ఎక్కడైనా పొరబడితే సరిదిద్దండి. మీరు డాలస్ నుంచి జూలై 2న యాంకరేజ్ చేరి, 7వ తేదీ రాత్రి విమానానికి తిరిగి వెళ్తున్నారు. విజయవాడ నుంచి వచ్చిన మీ అమ్మగారు, నాన్నగారు, ఎనిమిదేళ్ల పాప మీ దంపతులతో పాటు ఉంటారు. నాన్నగారికి మోకాళ్ల నొప్పి ఉంది, అమ్మగారికి తిరుమల ఘాట్ రోడ్డు ఎక్కినా కడుపులో తిప్పుతుంది. మంచుగోడ విరిగి సముద్రంలో పడటం చూడాలని అమ్మగారి కోరిక, తిమింగలాన్ని చూడాలని పాప కోరిక. సీవార్డ్ అనే రేవు పట్టణం నుంచి బయలుదేరే నాలుగు గంటల యాత్ర, ఆరు గంటల యాత్ర, ఎనిమిదిన్నర గంటల యాత్ర, విట్టియర్ అనే మరో రేవు నుంచి బయలుదేరే యాత్ర, వీటన్నిటినీ వదిలేసి వచ్చే ఏడాది పెద్ద ఓడలో ఏడు రోజుల ప్రయాణం: వీటిలో ఏది మేలని మీరు అడిగారు.

నేను పదకొండేళ్లుగా యాంకరేజ్‌లో ఉంటున్నాను. వేసవి వచ్చిందంటే మా ఇంటికి చుట్టాలు రావడం, వాళ్లను తీసుకొని నేను పడవ ఎక్కడం ఏటా జరిగే పనే కాబట్టి ఈ యాత్రలన్నింటినీ ఒకటికి రెండుసార్లు చేసినవాడిని. మీ కుటుంబానికి నా సలహా ఇది: జూలై 5వ తేదీ రాత్రి సీవార్డ్‌లో బస చేసి, 6వ తేదీన ఆరు గంటల యాత్ర చేయండి. ఆ రోజు సముద్రం బాగా రేగి ఉంటుందని ముందే తెలిస్తే విట్టియర్‌కు మారండి. ఎనిమిదిన్నర గంటల యాత్ర ఈసారికి వద్దు. ఇలా ఎందుకు అంటున్నానో చెప్పాలంటే ఆ తీరం స్వరూపం కొంత తెలియాలి.

సీవార్డ్‌కు పడమర కొండల మీద హార్డింగ్ ఐస్‌ఫీల్డ్ అనే మంచు మైదానం దాదాపు 1,800 చదరపు కిలోమీటర్ల మేర పరుచుకొని ఉంది. దాని నుంచి నలభైకి దగ్గరగా హిమానీనదాలు నలువైపులా దిగుతాయి. వాటిలో చాలావరకు కొండవాలులోనో, ఏదో సరస్సు ఒడ్డునో ఆగిపోతాయి. కొన్ని మాత్రమే నేరుగా సముద్రపు నీటిలోకి వచ్చి నిలుస్తాయి. ఇక్కడ వీటిని టైడ్‌వాటర్ గ్లేసియర్లు అంటారు. అమ్మగారు చూడాలనుకుంటున్న మంచు విరిగిపడే దృశ్యం వీటి ముందే కనిపిస్తుంది. 1980లో ఏర్పడిన కెనాయ్ ఫియార్డ్స్ నేషనల్ పార్క్ పరిధిలో, ఒకప్పుడు హిమానీనదాలే చెక్కి వదిలిన లోతైన సముద్రపు పాయల చివరన ఇవి ఉంటాయి. ఆ పాయలనే ఫియార్డ్‌లు అంటారు. ఎత్తైన కొండల మధ్య ఉండటం వల్ల పాయ లోపల నీరు చాలా రోజుల్లో చెరువు నీరులా నిలకడగా ఉంటుంది.

జంతువుల సంగతి దీనికి పూర్తిగా వేరు. హిమానీనదం ముందు నీరు, మంచు అరగదీసిన రాతిపొడితో పాలు కలిపినట్టు తెల్లగా ఉంటుంది. అక్కడ తేలే మంచు పలకల మీద హార్బర్ సీల్స్ పిల్లలతో సహా పడుకుంటాయి, ఎందుకంటే వాటిని వేటాడే ఓర్కాలు (కిల్లర్ వేల్స్) ఆ మంచు ముక్కల మధ్యకు రావడం అరుదు. హంప్‌బ్యాక్ తిమింగలాలకు కావలసిన చిన్న చేపలు, క్రిల్ అనే చిట్టి రొయ్యల్లాంటి జీవులు ఎక్కువగా దొరికేది పాయ ముఖద్వారం దగ్గర, బయటి దీవుల చుట్టూ. శీతకాలం హవాయి దగ్గర దాదాపు ఉపవాసంతో గడిపి వేల కిలోమీటర్లు ఈదుకుంటూ వచ్చిన ఆ జీవాలు వేసవి పొడవునా ఇక్కడ తింటూనే ఉంటాయి. స్టెల్లర్ సముద్ర సింహాలు పిల్లలను కనే చిస్‌వెల్ దీవులు, పఫిన్లు, మర్రెలు అనే సముద్రపు పక్షులు వేలాదిగా గూళ్లు పెట్టే కొండచరియలు కూడా ఆ బయటి అంచునే ఉన్నాయి. ఆ అంచుకు అవతల అలాస్కా సింధుశాఖ, దానికి ఆవల పసిఫిక్ మహాసముద్రం. మధ్యలో గాలినీ అలనూ ఆపే అడ్డు ఏదీ లేదు. కాబట్టి జంతువులు ఎక్కువ ఉన్నచోటే అలలూ ఎక్కువ. ప్రకటనల్లో ఎవరూ ఈ మాట రాయరు గానీ, ఇక్కడ పడవను ఎంచుకోవడం అంటే బయటి సముద్రంలో మీ కుటుంబం ఎన్ని గంటలు ఉండగలదో నిర్ణయించుకోవడమే. కంపెనీ పేరు, పడవలో ఇచ్చే భోజనం, డెక్కు ఎన్ని అంతస్తులు అన్నవి ఆ తర్వాతి విషయాలు.

ఈ కొలతతో చూస్తే నాలుగు గంటల యాత్ర రిసరెక్షన్ బే అనే అఖాతం లోపలే తిరిగి వస్తుంది. అలలు తక్కువ, ధర కూడా తక్కువే. సముద్రపు నీటికుక్కలు వెల్లకిలా పడుకొని పొట్ట మీద గవ్వలు పగలగొట్టుకోవడం, సముద్ర సింహాలు, పఫిన్లు కనిపిస్తాయి, అదృష్టం ఉంటే తిమింగలం కూడా కనిపిస్తుంది. అయితే బేర్ గ్లేసియర్‌ను దూరం నుంచి చూపించి వెనక్కి తిప్పేస్తారు. ఆ హిమానీనదం ఒక సరస్సులో ఆగిపోయింది కాబట్టి మీరు దాని ముందుకు వెళ్లలేరు. డబ్బు ఆదా అవుతుందని దీన్ని తీసుకొని, గ్లేసియర్ సరిగా చూడలేదని బాధపడినవారిని చాలామందిని చూశాను. అమ్మగారి కోరిక దీనితో తీరదు.

ఆరు గంటల యాత్ర అఖాతం దాటి, ఐయాలిక్ కేప్ అనే భూశిరాన్ని చుట్టి, ఐయాలిక్ అఖాతంలోకి వెళ్తుంది. దాని లోపల ఐయాలిక్ గ్లేసియర్ ముందో, హోల్‌గేట్ గ్లేసియర్ ముందో ఇంజన్ తగ్గించి పడవను కాసేపు నిలుపుతారు. రెండింటిలో ఏది చూపిస్తారన్నది ఆనాటి మంచు ముక్కల రద్దీని బట్టి కెప్టెన్ నిర్ణయించే విషయం. ఐయాలిక్ ముఖం దాదాపు ఒకటిన్నర కిలోమీటర్ల వెడల్పున గోడ కట్టినట్టు నీలంగా నిలబడి ఉంటుంది. ఎన్నో ఏళ్ల బరువుకు గాలి బుడగలు నలిగిపోయి గట్టిపడిన మంచు ఎరుపు కాంతిని పీల్చుకొని నీలాన్ని వదిలేస్తుంది, ఆ రంగుకు కారణం అదే. మబ్బు పట్టిన రోజున ఈ నీలం మరింత బాగా కనిపిస్తుంది కనుక వాన సూచన చూసి దిగులు పడకండి. పడవ సురక్షితమైన దూరంలో ఆగుతుంది కాబట్టి మంచు విరిగి పడటం ముందు కంటికి కనిపించి, ఉరుములాంటి శబ్దం ఒకటి రెండు సెకన్ల తర్వాత చెవికి చేరుతుంది. శబ్దం విన్నాక తల తిప్పేవారికి అప్పటికే పైకి లేచిన నీరు మాత్రమే కనిపిస్తుంది. ఫోన్‌లో ఫొటోలు చూసుకోకుండా గోడ మీదే కన్ను వేసి ఉంచమని అమ్మగారికి ముందే చెప్పండి. ఇంజన్ ఆపినప్పుడు చుట్టూ ఉన్న మంచు ముక్కల్లోంచి చిటపటమని సన్నని చప్పుడు కూడా వినిపిస్తుంది. కరిగే మంచులోంచి వందల ఏళ్ల నాటి గాలి బయటపడే చప్పుడు అది.

ఈ యాత్రలో భూశిరాన్ని చుట్టే భాగం, చిస్‌వెల్ దీవుల దగ్గరి భాగం బయటి సముద్రం. రానూపోనూ కలిపి సుమారు రెండు గంటలు. పాప చూడాలనుకునే తిమింగలం కనిపించే అవకాశం కూడా ఆ రెండు గంటల్లోనే ఎక్కువ.

ఎనిమిదిన్నర గంటల యాత్ర ఇంకా దూరం వెళ్లి నార్త్‌వెస్టర్న్ ఫియార్డ్‌లోకి ప్రవేశిస్తుంది. అందం విషయంలో దానికి సాటి వచ్చేది ఈ తీరంలో లేదన్నది నా అభిప్రాయం. 20వ శతాబ్దం తొలినాళ్లలో ఆ పాయలో చాలా భాగం మంచు కిందే ఉండేది, ఇప్పుడు మీరు పడవలో ప్రయాణించేది ఆ మంచు ఖాళీ చేసి వెళ్లిన చోటులోనే. చుట్టూ మూడు నాలుగు హిమానీనదాలు ఒకేసారి కనిపిస్తాయి, మిగతా పడవల రద్దీ ఉండదు. కానీ బయటి సముద్రంలో గడిపే సమయం దాదాపు రెట్టింపు అవుతుంది. ఆరేళ్ల క్రితం మా అత్తగారిని, మామగారిని నేను మొదటిసారి దీనికే తీసుకువెళ్లాను. ఎలాగూ ఇంత దూరం వచ్చారు, పెద్దదే చూపిద్దామన్న ఉత్సాహం తప్ప నాకు వేరే ఆలోచన లేదు. వాంతులు రాకుండా మాత్ర వేయలేదు, పైగా పొద్దున్నే ఇంట్లో చేసిన పులిహోర కడుపునిండా పెట్టి ఎక్కించాను. భూశిరం దాటిన పావుగంటకు అత్తగారికి మొదలైన వాంతులు పాయలోకి వెళ్లేదాకా తగ్గలేదు. ఆమె ఆ హిమానీనదాన్ని కేబిన్‌లో తల వాల్చుకొనే ఒక కంటితో చూశారు. మధ్యలో దింపే చోటు ఉండదు, పడవను ఒక్కరి కోసం వెనక్కి తిప్పరు. రెండేళ్ల తర్వాత మళ్లీ వచ్చినప్పుడు అదే ఆవిడ, వేళకు మాత్ర వేసుకొని, ఆరు గంటల యాత్రను హాయిగా పూర్తి చేశారు. మీ అమ్మగారి గురించి ధైర్యంగా చెప్పడానికి నాకు ఆధారం ఆ రెండో అనుభవమే.

విట్టియర్ సంగతి. అక్కడి పడవలు ప్రిన్స్ విలియం సౌండ్‌లో తిరుగుతాయి. ఆ జలాలను పెద్ద దీవులు సింధుశాఖ నుంచి కాపు కాస్తాయి కాబట్టి ప్రయాణం పాపికొండల పడవలో కూర్చున్నంత నెమ్మదిగా సాగుతుంది. వాంతి కాదన్న హామీతోనే కొందరు టికెట్లు అమ్ముతారు. హిమానీనదాలు అక్కడ ఎక్కువ: హారిమన్ ఫియార్డ్‌లో సర్‌ప్రైజ్ గ్లేసియర్, బ్లాక్‌స్టోన్ అఖాతంలో రెండు గ్లేసియర్లు నీటి అంచు దాకా వస్తాయి. ఒక ప్రసిద్ధ యాత్ర పేరులోనే ఇరవై ఆరు గ్లేసియర్లు ఉన్నాయి. ఆ అంకెను చూసి మోజు పడకండి. అందులో చాలావరకు కొండ మీద తెల్లటి మరకల్లా దూరాన కనిపించేవే. దగ్గరగా చూసిన ఒక్క మంచుగోడ, దూరంగా లెక్కపెట్టిన పాతికను మించి గుర్తుంటుంది. నీటికుక్కలు, సీల్స్, పట్టణానికి ఎదురుగా కొండచరియ మీద వేల కిట్టివేక్ పక్షులు తప్పకుండా కనిపిస్తాయి. తిమింగలాలు కనిపించే అవకాశం మాత్రం సీవార్డ్ కంటే తక్కువ, పఫిన్లు కూడా అంతే. ఇంకొక్క విషయం: బ్యారీ గ్లేసియర్ పక్కనున్న కొండవాలు ఒకటి నెమ్మదిగా జారుతోందని, అది ఒక్కసారిగా కూలితే సునామీ రావచ్చని 2020లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. అప్పటి నుంచి దాన్ని పరికరాలతో గమనిస్తున్నారు. అటువైపు వెళ్లే పడవల దారి దీన్నిబట్టి మారవచ్చు కనుక ఇప్పటి దారి ఏమిటో టికెట్ కొనేటప్పుడే అడగండి.

విట్టియర్‌కు వెళ్లే దారిలో సుమారు 4 కిలోమీటర్ల సొరంగం ఉంది. కార్లకూ రైలుకూ అదే ఒక్క వరుస దారి. విట్టియర్ వైపు వెళ్లే కార్లను గంటకు ఒకసారి, ఎనిమిదిన్నర, తొమ్మిదిన్నర ఇలా అరగంట వేళకు వదులుతారు. అది తప్పితే మరో గంట ఆగాలి, పడవ మాత్రం మీ కోసం ఆగదు. సీవార్డ్‌కు యాంకరేజ్ నుంచి సుమారు 200 కిలోమీటర్లు, రెండున్నర గంటల ప్రయాణం. అయితే ఆ రోడ్డుకు ప్రత్యామ్నాయం లేదు, ఎక్కడైనా ప్రమాదం జరిగితే గంటల తరబడి నిలిచిపోతుంది. ఉదయం బయలుదేరి అదే రోజు పడవ అందుకోవచ్చు గానీ, పెద్దవాళ్లతో ముందు రాత్రి సీవార్డ్‌లోనే ఉండమని నేను చెప్పడానికి ఇదే కారణం. యాంకరేజ్ నుంచి పొద్దున్నే బయలుదేరే రైలు కూడా ఉంది, నాలుగు గంటలకు పైగా పట్టే ఆ ప్రయాణం చాలా అందంగా ఉంటుంది. ఆరు గంటల యాత్రల్లో కొన్నింటిని రాకపోకల రైలు వేళలకు సరిపోయేలా నడుపుతారు. కానీ ఒకే రోజున ఎనిమిది గంటలకు పైగా రైలు, ఆరు గంటల పడవ అంటే మోకాళ్ల నొప్పి ఉన్నవారికీ, ఎనిమిదేళ్ల పాపకూ మించిన పని.

తేదీ గురించి గట్టిగా చెప్పాలి. సెలవు కదా అని మీరు జూలై 4న సీవార్డ్ వెళ్లాలనుకున్నట్టు రాశారు. దయచేసి ఆ ఆలోచన మానండి. 1915 నుంచి ఆ రోజున అక్కడ మౌంట్ మారథాన్ పేరుతో కొండ ఎక్కి దిగే పరుగు పందెం జరుగుతుంది. మూడు వేల లోపు జనాభా ఉన్న ఆ ఊరు ఆ సమయంలో తిరునాళ్లను తలపిస్తుంది. గది దొరకదు, కారు ఆపే చోటు దొరకదు. 5వ తేదీ మధ్యాహ్నానికి జనం తిరుగుముఖం పడతారు, మీరు ఎదురుగా ఖాళీ దారిలో వెళ్తారు. గది మాత్రం ఇప్పుడే తీసుకోండి.

పడవ పరిమాణం విషయంలో మీకు సందేహం అక్కర్లేదు: వంద మందికి పైగా పట్టే, వేడి కేబినూ మరుగుదొడ్లూ ఉన్న పెద్ద పడవే మీకు సరిపోతుంది. పది, పదిహేను మందితో వెళ్లే చిన్న పడవలు ఫొటోలు తీసుకునేవారికి ఎంతో అనుకూలం, కానీ అల వాటిని ఎక్కువగా ఊపుతుంది. సీవార్డ్‌లో పెద్ద పడవలు నడిపే కంపెనీలు ప్రధానంగా రెండు ఉన్నాయి. కెనాయ్ ఫియార్డ్స్ టూర్స్, మేజర్ మరీన్ టూర్స్. రెండింటిలోనూ ఎక్కిన నాకు దారి ఒకటే అయినప్పుడు చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు, మీకు వేళ కుదిరినది తీసుకోండి. ధర పెద్దవారికి 200 డాలర్లు దాటుతుంది. కొనే ముందు రద్దు నియమాలు చదవండి. ఎన్ని గంటల ముందు చెబితే డబ్బు తిరిగి ఇస్తారు, వాతావరణం బాగాలేక కెప్టెన్ సగంలో వెనక్కి తిప్పితే ఏం చేస్తారు అన్న రెండు ప్రశ్నలకు సమాధానం తెలిసి ఉండాలి.

నాన్నగారి మోకాళ్ల విషయంలో ఎవరూ చెప్పని ఒక ఇబ్బంది ఉంది. సీవార్డ్ రేవులో ఆటుపోట్ల తేడా కొన్ని రోజుల్లో 4 మీటర్లు దాటుతుంది. పడవలు కట్టే తేలే వేదిక నీటితో పాటు దిగిపోతుంది కాబట్టి, ఆటు సమయంలో ఒడ్డు నుంచి కిందికి దిగే వాలు దారి చాలా నిటారుగా మారుతుంది. ఆ రోజు ఆటుపోట్ల వేళలు ముందే చూసి, అవసరమైతే సిబ్బంది సాయం కోరండి, అడిగితే కాదనరు. పడవలో మేడ మెట్లు ఎక్కవలసిన పని లేదు; కింది డెక్కు నుంచి కూడా జంతువులు బాగానే కనిపిస్తాయి.

అమ్మగారికి వాంతులు రాకుండా వేసుకునే మెక్లిజైన్ మాత్ర ఇక్కడ ఏ మందుల దుకాణంలోనైనా చీటీ లేకుండా దొరుకుతుంది. ముందు రాత్రి ఒకటి, పడవ ఎక్కడానికి గంట ముందు ఒకటి వేసుకోవడం మా ఇంట్లో పనిచేసిన పద్ధతి. కడుపులో తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే ఉపయోగం దాదాపు ఉండదు. మన దగ్గర వాడే అవోమిన్ ఆమెకు అలవాటు ఉంటే అదైనా సరే, రెండూ కలిపి మాత్రం వద్దు. ఇవి మగత తెస్తాయి. గ్లాకోమా అనే కంటి జబ్బు గానీ, నాన్నగారి విషయంలో ప్రోస్టేట్ వాపు గానీ ఉంటే డాక్టరును అడగకుండా వేయకండి, పాపకు మోతాదు కూడా డాక్టరే చెప్పాలి. పడవలో కింది అంతస్తులో, మధ్య నుంచి వెనక భాగంలో ఊపు తక్కువ. కడుపు ఖాళీగా ఉంచకండి, అలాగని మా ఇంటి పులిహోర ప్రయోగం చేయకండి. రెండు ఇడ్లీలో, కాస్త పెరుగన్నమో చాలు. పడవలో ఇచ్చే భోజనం సాధారణంగా మాంసంతోనో చేపతోనో ఉంటుంది కాబట్టి శాకాహారం కావాలని టికెట్ తీసుకునేటప్పుడే చెప్పండి.

జూలైలో కూడా హిమానీనదం ముందు వీచే గాలి ఎముకలు కొరుకుతుంది. అమ్మగారు చీరలోనే రావాలనుకుంటే లోపల థర్మల్ దుస్తులు, పైన గాలిని ఆపే రెయిన్ జాకెట్టు, మేజోళ్లు, బూట్లు ఉండాలి. చెప్పులతో తడి డెక్కు మీద నడవడం ప్రమాదం. అందరికీ టోపీ, చేతి తొడుగులు తీసుకోండి. దుర్భిణి కొంటే పదింతలు చూపేది కాకుండా ఎనిమిదింతలు చూపేది కొనండి, ఊగే పడవ మీద అదే నిలకడగా ఉంటుంది.

పాపకు ఒక మాట ముందే చెప్పి ఉంచండి: తిమింగలం కనిపించడం అంటే ఎక్కువసార్లు ముందు ఒక ఆవిరి చిమ్ము, ఆ తర్వాత నల్లటి వీపు, చివరికి తోక పైకి లేవడం. టీవీలో చూపినట్టు అది ప్రతిసారీ గాలిలోకి ఎగరదు. హంప్‌బ్యాక్ దగ్గరికి 100 గజాల లోపు పడవ వెళ్లకూడదన్నది అలాస్కా జలాల్లో చట్టం, కాబట్టి ఇంకా దగ్గరికి పోనివ్వమని కెప్టెన్‌ను అడిగినా లాభం లేదు. ఓర్కాలకు మే, జూన్ నెలలు మరింత మంచివి; మీరు వచ్చే వారంలో హంప్‌బ్యాక్‌లు, పఫిన్లు బాగా కనిపిస్తాయి.

పెద్ద ఓడ గురించి కూడా అడిగారు. అందులో ఊపు తక్కువ, మెట్ల బాధ లేదు, గది కిటికీ నుంచే గ్లేసియర్ బే వంటి చోట్లు కనిపిస్తాయి. ఆ అఖాతంలోకి రోజుకు రెండు పెద్ద ఓడలనే అనుమతిస్తారు కాబట్టి మీ ఓడ అక్కడికి వెళ్తుందో లేదో చూసుకోవాలి. కానీ పదో అంతస్తు నుంచి తిమింగలం వేలెడంత కనిపిస్తుంది. అంతకంటే పెద్ద చిక్కు వీసా. విదేశీ జెండాతో నడిచే ఓడలు రెండు అమెరికా రేవుల మధ్య ప్రయాణికులను నేరుగా చేరవేయకూడదని 1886 నాటి చట్టం ఒకటి ఉంది, అందుకే సియాటిల్ నుంచి వెళ్లి వచ్చే ఓడలు కూడా కెనడా రేవు ఒకదానిలో ఆగుతాయి. భారతీయ పాస్‌పోర్టుతో, అమెరికా సందర్శక వీసా మీద వచ్చిన అమ్మానాన్నలకు కెనడా వీసా విడిగా తీసుకోవలసి వస్తుంది. సీవార్డ్, విట్టియర్ పడవలకు ఈ గొడవ లేదు.

ఇక 6వ తేదీకి సముద్రం ఎలా ఉంటుందో 4వ తేదీ నుంచే చూడటం మొదలుపెట్టండి. అమెరికా జాతీయ వాతావరణ సేవ తీర ప్రాంతాలకు అలల ఎత్తును అడుగుల్లో చెబుతుంది. నాలుగు అడుగుల లోపైతే నిశ్చింతగా వెళ్లండి. ఐదారు అడుగులైతే మాత్ర వేసుకొని వెళ్లవచ్చు. ఏడు దాటితే, మీ ఇంట్లో నేనుంటే సీవార్డ్ టికెట్ మార్చమని అడిగి, 7వ తేదీ ఉదయం విట్టియర్ వెళ్తాను. ఐదారు గంటల యాత్ర ముగించుకొని వచ్చినా మీ రాత్రి విమానానికి సమయం మిగులుతుంది. అలా జరిగితే 6వ తేదీ సీవార్డ్‌లోనే గడపండి. 1998లో తెరిచిన అలాస్కా సీలైఫ్ సెంటర్‌లో పాప పఫిన్లు నీటి అడుగున రెక్కలతో ఈదడాన్ని అద్దం ఇవతల నుంచి చూస్తుంది. ఊరికి పదిహేను ఇరవై నిమిషాల దూరంలో కారు వెళ్లే ఎగ్జిట్ గ్లేసియర్ ఉంది. నాన్నగారు చదునైన కాలిబాట మీద కొద్ది దూరం నడిస్తే చాలు, అది కనిపిస్తుంది. ఆ దారి పొడవునా 1917, 1926, 1951 అని ఏడాది అంకెలు రాసిన చిన్న పలకలు ఉంటాయి. ఆ ఏడాది మంచు అంచు సరిగ్గా అక్కడ ఉండేదని వాటి అర్థం. మా మామగారు ఒక్కో పలక దగ్గర ఆగి, ఆ ఏడు తన తండ్రికి ఎన్నేళ్లో లెక్కగడుతూ నడిచారు.